జంటకటకముల కెమేరా: పేరును చూచి కొనుట, పైపైన బాగుచేయుట

సుమారు అర శతాబ్దము క్రిందటి స్టూడియో ఫొటోలు నేటికిని మన ఇండ్ల గోడలపై వ్రేలాడుచున్నవి. వానిలో పెక్కింటిని శ్రద్ధగా పరిశీలించినచో కెమేరా కన్ను ఎదుటి మనిషి కంటి ఎత్తున గాక రొమ్ము ఎత్తున నిలిచినట్లు తెలియును. ఫొటో తీసినవాడు కెమేరాను మెడకు తగిలించుకొని, తల వంచి, పైనున్న గరుకు గాజుపలకలోనికి చూచుచు మీట నొక్కినాడన్నమాట. అదియే జంటకటకముల రిఫ్లెక్సు కెమేరా. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట వంటి ఊళ్ళలో ఇట్టి కెమేరాలు చాలకాలము క్రిందటనే బీరువాలలోనికి చేరినవి. ఇప్పుడు కొందరు యువకులు వానిని మరల బయటకు తీయుచున్నారు. అది సంతోషింపదగిన విషయమే. కాని వారు వానిని ఎన్నుకొను తీరును, బాగుచేయించు తీరును చూచిన మీదట కొంత విమర్శ చేయక తప్పదు.

మొదట యంత్రమును గూర్చి రెండు మాటలు. ఈ కెమేరాకు ఒకదానిపై ఒకటిగా రెండు కటకములుండును. క్రింది కటకము ఫిల్ముపై బొమ్మను వేయును. పైకటకము లోపల 45 డిగ్రీల కోణములో నున్న దర్పణము ద్వారా అదే దృశ్యమును గరుకు గాజుపలకపై చూపును. రెండును ఒకే పలకకు బిగింపబడి ఏకకాలమున ముందునకు, వెనుకకు కదలును. పైన స్పష్టముగా కనిపించినది క్రింద ఫిల్ముపై కూడ స్పష్టముగా పడవలెను. ఈ కెమేరా సర్వస్వము ఈ ఒక్క ఒప్పందముపై ఆధారపడియున్నది. బ్రౌన్‌ష్వైగ్ నగరమున ఫ్రాంకె, హైడెక్కె అనువారి కంపెనీ 1929లో విడుదల చేసిన రోలైఫ్లెక్సు మొదలు, జపానులో 1986 వరకు తయారైన యాషికా-మ్యాట్ 124జి వరకు మూలసూత్రము మారలేదు.

ఇక విమర్శకు వత్తును. కొనువారు మొట్టమొదట అడుగు ప్రశ్న ‘ఏ లెన్సు?’ అనునది. ప్లానార్ అయిన కన్నులు మెరయును. టెస్సార్ అయిన తల ఊపుదురు. మూడు కటకముల యాషికోర్ అనగానే పెదవి విరుతురు. ఈ వరుస అర్థరహితమని నేననను. మూడు గాజుముక్కల ‘ట్రిప్లెట్’ రచనను ఆంగ్లేయుడు డెన్నిస్ టేలర్ 1893లో రూపొందించెను. జైస్ కంపెనీకి చెందిన పాల్ రుడాల్ఫ్ 1902లో టెస్సార్‌ను నిర్మించెను. అందు ముక్కలు నాలుగు. వెనుకటి రెండును జిగురుతో అతుకబడియుండును. ద్వారమును పూర్తిగా తెరచినపుడు ట్రిప్లెట్ బొమ్మ మధ్యభాగమున చక్కగానుండి మూలలలో మెత్తబడును. టెస్సార్ మూలలను కొంత నిలబెట్టును. ప్లానార్, క్సెనోటార్ రచనలు ఎఫ్ 2.8 వద్ద కూడ మూలలను కాపాడును. టెస్సార్‌ను ఎఫ్ 2.8 వరకు సాగదీసిన రోలైఫ్లెక్సు 2.8ఎ తరువాత ఆ కంపెనీయే అయిదు ముక్కల రచనలకు మారినది. కావున భేదమున్నమాట నిజము.

అయితే ఆ భేదము ఎంత, ఎక్కడ? ద్వారమును ఎఫ్ 8కో, ఎఫ్ 11కో మూసినచో ట్రిప్లెట్‌కును టెస్సార్‌కును మధ్య భేదము సాధారణ ప్రమాణపు అచ్చులో కంటికి అందదు. ఈ కెమేరాలలో ఫిల్ముపై పడు చతురస్రము ప్రక్కకు 56 మిల్లీమీటర్లు. 20 సెంటీమీటర్ల అచ్చు తీయుటకు దానిని మూడున్నర రెట్లకు కొంచెము పైగా పెంచిన చాలును. పైగా మనుష్యుల ఫొటోలలో మూలలందుండునది తెరయో, గోడయో, చెట్టు కొమ్మయో! మూలలు మెత్తబడినవని పెండ్లికూతురు ఫిర్యాదు చేసినట్లు నేనెన్నడును వినలేదు. ఆమె కన్నులు మెత్తబడినచో మాత్రము ఫిర్యాదు తప్పదు. కన్నులు మెత్తబడుటకు కారణము సాధారణముగా కటకపు జాతి కాదు, రెండు కటకముల మధ్య ఒప్పందము చెడుట.

ఈ సంగతిని కొంచెము లెక్కతో చూతము. ఫిల్ముపై 0.05 మి.మీ. వ్యాసము గల మచ్చను కన్ను బిందువుగానే భావించునని అనుకొందము. ఎఫ్ 3.5 వద్ద కటకము ఉండవలసిన చోటినుండి ఇటు అటు 0.05 × 3.5, అనగా సుమారు 0.17 మి.మీ. వరకు మాత్రమే తప్పు సహింపబడును. అది రెండు పోస్టుకార్డుల మందము కూడ కాదు. అదే ఎఫ్ 8 వద్ద 0.4 మి.మీ. వరకు చెల్లును. ఎండలో ద్వారము మూసి తీసిన ఫొటోలు బాగుండి, ఇంటిలోపల తీసినవి చెడిపోవుచుండుటకు ఇదియే కారణము. అప్పుడు యజమాని ‘ఈ లెన్సు పూర్తిగా తెరచిన పనికిరాదు’ అని తీర్మానించును. నేరము లెన్సుపై పడును, నేరస్థుడు వేరొకడు.

ఇట్టిది కంచికచర్లలో ఒకటి చూచితిని. మూతపడిన ఒక స్టూడియో యజమాని మనుమడు తాతగారి యాషికా-డి కెమేరాను నా వద్దకు తెచ్చినాడు. 80 మి.మీ. యాషికోర్, ఎఫ్ 3.5. అంతకు కొన్ని నెలల ముందు లోపలి బూజు తీయించినారట. తరువాత రెండు రోల్సు తీసినాడు. ఇరువదినాలుగు ఫొటోలలో తొమ్మిదింట చెవులు స్పష్టముగానున్నవి, కన్నులు లేవు.

“మాస్టారూ, లెన్సు పోయిందండి. దీన్ని తీసేసి జర్మనీ లెన్సు వేయిద్దామనుకుంటున్నాను. లేకపోతే విడిభాగాల కింద అమ్మేద్దామని నాన్న అంటున్నారు” అన్నాడు.

“లెన్సు పోయిందని నీకెవరు చెప్పార్రా?”

“బాగుచేసినాయనేనండి.”

కెమేరా వెనుక తలుపు తెరచి, ఫిల్ము ఆనుకొను లోపలి పట్టాలపై చిన్న గరుకు గాజుముక్క నుంచితిమి. షట్టరును ‘బి’ వద్ద తెరచి నిలిపి, ద్వారము పూర్తిగా విప్పి, రహదారి ప్రక్కనుండి పరిటాల ఆంజనేయస్వామి విగ్రహము వైపు త్రిప్పితిమి. 2003లో ప్రతిష్ఠింపబడిన ఆ విగ్రహము ఎత్తు 135 అడుగులు. అర కిలోమీటరు ఆవలినుండి చూచినచో ఇట్టి కటకమునకు అది అనంతదూరముననున్న వస్తువుతో సమానమే. భూతద్దముతో చూడగా క్రింది కటకపు బొమ్మ అనంతపు గుర్తు వద్ద కత్తిరించినట్లున్నది. పైన గరుకు పలకలో మాత్రము కిరీటపు అంచు మసకబారినది. గుబ్బను కొంత త్రిప్పినగాని అచట స్పష్టత రాలేదు. ఇక సంశయమేమున్నది? బూజు తీసినవారు పైకటకమును ఊడదీసి, మరల బిగించునపుడు పూర్వపు చోటికి త్రిప్పలేదు. మరచుట్ల మధ్య దూరము అర మిల్లీమీటరనుకొన్నచో, అరచుట్టు తేడా పావు మిల్లీమీటరగును. రెండు మీటర్ల దూరములో కూర్చున్న మనిషి విషయమున ఆ పావు మిల్లీమీటరు సుమారు 14 సెంటీమీటర్ల తప్పుగా పరిణమించును. కంటినుండి చెవికి దూరమెంతయో ఎవరికి వారే కొలిచి చూచుకొనవచ్చును!

ఇచట వరుస ముఖ్యము. ముందుగా క్రింది కటకమును ఫిల్ము తలమునకు సరిచూడవలెను. అది సరియైన పిమ్మటనే పైదానిని దానితో సరిపుచ్చవలెను. కొందరు పైనున్న గాజుపలకనే ప్రమాణముగా గైకొని క్రిందిదానిని కదలింతురు. ఇది గడియారము తప్పినదని సూర్యుని జరుపుట వంటిది.

ఆ కుర్రవాడు తలపెట్టిన ‘జర్మనీ లెన్సు’ మార్పిడిని గూర్చియు చెప్పవలెను. కటకపు చట్రముపై 80 అని చెక్కబడినంత మాత్రమున నాభ్యంతరము సరిగా 80 కాదు. నూటికి ఒక పాలు తేడా ఉండినచో అది 80.8 కావచ్చును. కర్మాగారములో జంటను కూర్చునపుడు సమానమైన వానిని ఏరి కలుపుదురు. వేరొక కెమేరానుండి తెచ్చిన కటకమును క్రింద పెట్టి అనంతమున ఎంత చక్కగా సరిచేసినను, మీటరు దూరమునకు వచ్చునప్పటికి 80 మి.మీ. కటకము 6.96 మి.మీ. ముందునకు జరుగవలసియుండగా 80.8 మి.మీ. కటకము 7.10 మి.మీ. జరుగవలసియుండును. ఇద్దరిని ఒకే పలక మోయుచున్నది గనుక ఇద్దరును సమముగానే జరుగుదురు. మిగిలిన 0.14 మి.మీ. తేడా పైన చెప్పిన సహనపు హద్దును దాదాపు పూర్తిగా మ్రింగివేయును. దూరపు దృశ్యములు బాగుగనే వచ్చుచుండుటచే లోపము ఎక్కడున్నదో సంవత్సరముల తరబడి తెలియకపోవచ్చును. కావున ఒంటరి కటకమును మార్చుట అనునది చికిత్స కాదు. మార్చవలసివచ్చినచో జంటను జంటగా మార్చవలెను.

కటకములను నిజముగా ఎన్నుకొను అవకాశమిచ్చిన కెమేరా ఈ జాతిలో ముఖ్యముగా ఒక్కటి గలదు, జపాను దేశపు మామియా ‘సి’ వర్గము. 1950 దశాబ్ది చివర ప్రారంభమై, 1969లో సి330, 1983లో సి330ఎస్ వరకు సాగినది. ఇందు రెండు కటకములును ఒకే పలకపై, షట్టరుతో సహా, ఒక్క భాగముగా ఊడివచ్చును. 55 మి.మీ. మొదలు 250 మి.మీ. వరకు జంటలు కలవు. ముఖచిత్రములకు 135 మి.మీ. జంట నాకు ఇష్టము. మనిషికి దూరముగా నిలువవచ్చును, ముక్కు పెద్దదిగా కనబడదు. కాని మీటరుంపావు లోపలికి చేరినపుడు తోలుతిత్తి సాగి కాంతి సుమారు నాలుగవ వంతు తగ్గునని మరువరాదు. రెండు అక్షముల మధ్య 5 సెంటీమీటర్ల ఎడము వలన తల తెగకుండ చూచుకొనుటయు అవసరము. బరువు సంగతి చెప్పనక్కరలేదు. పెండ్లిలో రోజంతయు మోసినవాని మెడ చెప్పును.

పాత కటకములపై పూతను గూర్చి కొనువారు అడుగరు, అడుగవలసియున్నది. పూతలేని గాజు ఒక్కొక్క తలము వద్ద నూటికి సుమారు 4 పాళ్ళ కాంతిని వెనుకకు పరావర్తింపజేయును. టెస్సార్‌కును ట్రిప్లెట్‌కును గాలి తగులు తలములు ఆరు. వానిని దాటి వచ్చునప్పటికి కాంతిలో 78 పాళ్ళే మిగులును. పోయిన 22 పాళ్ళలో కొంత కెమేరా లోపల తిరుగాడి నల్లని భాగములను బూడిదరంగుగా మార్చును. జైస్ కంపెనీలో స్మకులా 1935లో కనుగొన్న పూత ఈ నష్టమును బాగుగా తగ్గించినది. అందుచే రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు రోలైఫ్లెక్సు కొనువాడు పేరు పొందిన టెస్సార్ కొన్నాననుకొనును గాని, ఎండకు ఎదురుగా అది తరువాతి కాలపు పూతగల యాషికోర్ కన్న అధ్వాన్నముగా బొమ్మ వేసినచో ఆశ్చర్యపడరాదు. కటకమునకు నీడనిచ్చు చిన్న గొట్టమునైనను తగిలించుకొనవలెను.

మరమ్మతులలో జరుగు అపచారములు పలువిధములు. అన్నింటికన్న సామాన్యమైనది షట్టరులో నూనె పోయుట. ఒక సెకను, అర సెకను వంటి మందవేగములను నడుపునది గడియారములోని పళ్ళచక్రముల వంటి చిన్న సరంజామా. అందలి పాత నూనె గట్టిపడి, మీట నొక్కగా షట్టరు తెరచుకొని ‘ర్‌ర్’ అని ఆగిపోవును. మరమ్మతుచేయువాడు కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయును. షట్టరు వెంటనే నడచును, యజమాని సంతోషించును. వారము తిరుగకముందే నూనె ప్రాకి పలుచని ఉక్కురెక్కల మీదికి చేరును. రెక్కలు పొడిగా ఉండవలసినవి. తడిసినచో ఒకదానికొకటి అంటుకొనును. మన మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరునపుడు ఆ నూనెయే మెల్లగా కటకముల లోపలి తలములపై మసకగా పేరుకొనును. చేయవలసినది పాత నూనెను తగిన ద్రావకముతో కడిగి, ఆరనిచ్చి, చక్రముల ఇరుసులకు మాత్రము సూదిమొనతో అంటించుట. నిజము చెప్పవలెనన్న, కెమేరా మెకానిక్కు దొరకనిచోట చేయి తిరిగిన గడియారముల మెకానిక్కు ఈ పనిని చాల మర్యాదగా చేయగలడు. కటకముల జోలికి మాత్రము అతనిని పోనీయరాదు.

షట్టరు వేగమును సరిచూచుటకు నేడొక సౌకర్యమున్నది. సెల్‌ఫోనులో సెకనుకు 240 చిత్రములు తీయు సదుపాయముండినచో, వెనుక తలుపు తెరచి షట్టరును చిత్రీకరింపవలెను. 1/15 సెకనుకు సుమారు 16 చిత్రములలోను, 1/60కి నాలుగింటిలోను కన్ను తెరచుకొని కనిపింపవలెను. 1/500 దీనికి అందదు.

రెండవ అపచారము దర్పణము. ఈ కెమేరాలలో వెండిపూత గాజుకు వెనుక గాక ముందుతలముననే ఉండును. గుడ్డతో తుడిచిన ఆ పూత ఊడివచ్చును. అపుడు కొందరు అంగడిలో అద్దపు ముక్కను కోయించి అతికింతురు. 45 డిగ్రీల కోణములో 2 మి.మీ. మందపు సాధారణ అద్దము రెండు బింబములనిచ్చును; ముందుతలము నుండి బలహీనమైనది ఒకటి, వెనుక పూతనుండి బలమైనది మరొకటి. వాని మధ్య ఎడము ఒకటిన్నర మిల్లీమీటరు. కాంతి ప్రయాణము చేయు దూరము కూడ మారుటచే స్పష్టత నిలుచు చోటు తప్పును. ఇంతకు ముందు 0.17 మి.మీ. కొరకు తంటాలు పడిన మనము ఇక్కడ మిల్లీమీటర్లనే పారవేయుచున్నాము! ముందుపూత దర్పణము దొరకువరకు మరకల పాత దర్పణమునే ఉంచుకొనుట మేలు. దాని మరకలు ఫిల్ముపై పడవు కదా.

మూడవది తుడుచుట. కంచికచర్ల చుట్టుప్రక్కల రహదారి దుమ్మును, పరిటాల, దొనబండల వైపు రాతి క్వారీల దుమ్మును ఎరుగనివారు లేరు. రాతిదుమ్ములో పలుగురాతి రేణువులుండును. కాఠిన్యపు కొలతలో పలుగురాయి 7, కటకపు గాజు 5, 6ల మధ్య. పొడిగుడ్డతో ఒకసారి తుడిచితిమన్న గాజుపై ఆకురాయి నడపినట్లే. ముందు రబ్బరుతిత్తితో గాలి ఊది, మెత్తని కుంచెతో రేణువులను తొలగించి, ఆ పిమ్మట తడిపిన కాగితముతో తాకవలెను.

బూజు సంగతి వేరు. గాలిలో తేమ నూటికి 65, 70 పాళ్ళు దాటి నిలిచినచో అది గాజుపై మొలచును. వానకాలములో కృష్ణకును మునేటికిని సమీపమున ఉన్న ఊళ్ళలో తోలు సంచిలో బిగించి, ట్రంకుపెట్టె అడుగున దాచిన కెమేరా దానికి చక్కని పొలము. తోలు తేమను పీల్చి పట్టియుంచును. బూజు విసర్జించు ఆమ్లము పూతను, తరువాత గాజును తినును. తొలిదశలో తుడిచిన పోవును. చెక్కుకొనిపోయిన పిమ్మట తుడిచినవాడు బూజును తీయగలడు గాని దాని జాడను తీయలేడు. జాడను కూడ తీసెదనని చెప్పి పాలిషు పెట్టువానినుండి కెమేరాను తిరిగి తెచ్చుకొనుట మంచిది. అతడు తీయునది పూతను. కొనునపుడు ద్వారము తెరచి, వెనుకనుండి చిన్న దీపము వేసి చూచినచో బూజు సాలెగూడువలె కనిపించును. అతుకు జిగురు విడిన కటకములలో అంచున రంగుల వలయములు కానవచ్చును. పేరు ప్లానార్ అయినను అట్టిదానిని విడిచి, శుభ్రమైన ట్రిప్లెట్‌ను తీసికొందునని నా అభిప్రాయము.

మిగిలినవి క్లుప్తముగా. మినోల్టా ఆటోకార్డ్ కటకము చాల మంచిది, కాని దాని ఫోకసు మీట పెళుసులోహము. గ్రీజు గట్టిపడినపుడు బలవంతము చేసిన విరుగును. యాషికా 124జిలోని వెలుతురు మాపకము 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకి ఏర్పడినది. అట్టివి నేడు రావు, 1.5 వోల్టులది వేసిన లెక్క తప్పును. తలుపు అంచున నల్లని నురగపట్టీలు బంకగా మారియుండును, మార్చుట సులభము. రష్యా దేశపు ల్యూబితెల్‌లో రెండు కటకముల ముందు ముక్కలు పళ్ళచక్రములవలె ఒకదానినొకటి త్రిప్పును. ఒక్క పన్ను తప్పించి బిగించిన ఒప్పందము చెడును, కాని సరిచేయుటయు అంతే తేలిక. విద్యార్థికి నేర్చుకొనుటకు ఇంతకన్న మంచి పనిముట్టు లేదు.

ఈ జాగ్రత్త అంతయు ఎందుకనవచ్చును. ఉదకమండలమున 1967లో ఉత్పత్తి ప్రారంభించిన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము ఇప్పుడు రాదు. రోలు దూరమునుండి తెప్పించుకొనవలెను. అందు ఫొటోలు పండ్రెండే. తప్పును రోలు మీద రోలు తీసి వెదకుట ధనికులకు కూడ తగదు. గరుకు గాజుముక్కతో వెదకిన ఖర్చు లేదు.

ఆ యాషికా-డి పైకటకమును కొద్దికొద్దిగా త్రిప్పి, విగ్రహపు కిరీటము పైనను క్రిందను ఒకేసారి తేటపడువరకు సరిచేసి, అంచున చుక్క రంగుతో గుర్తు పెట్టితిమి. తరువాత రెండు మీటర్ల వద్ద వార్తాపత్రికను నిలిపి సరిచూచితిమి. జంట కర్మాగారపుదే గనుక అక్కడను ఒప్పినది. కుర్రవాడు ఎఫ్ 3.5 వద్దనే వాళ్ళ నాయనమ్మను తీసినాడు. కనురెప్పల వెండ్రుకలు లెక్కింపవచ్చును. మూలనున్న తులసికోట మాత్రము మెత్తగానే పడినది. మందవేగముల షట్టరు ఇంకను ఆగి ఆగి నడచుచున్నది. విజయవాడలో ఒక గడియారముల మెకానిక్కును చూచువరకు 1/60కి క్రిందికి దిగవద్దని చెప్పితిని.